పిల్లల సాకర్ మ్యాచ్‌లో కోచ్ మైదానం గీత పక్క నుంచి ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి?

నేను వాలంటీర్ కోచ్‌గా చేరిన మొదటి సీజన్లో మూడో మ్యాచ్ అది. ఏడేళ్ళ పాప ఎడమ వైపు గీత దగ్గర ఒక్కతే ఉంది. బంతి నెమ్మదిగా ఆమె వైపే దొర్లి వస్తోంది. దగ్గర్లో ఎవరూ లేరు. కుడి కాలు కాస్త పైకెత్తి, అరికాలితో బంతిని ఆపడానికి సిద్ధమైంది. మంగళవారం ప్రాక్టీసులో నేర్పింది అదే. సరిగ్గా అప్పుడు నేను ఆమె పేరు పిలిచి "పాస్! పాస్!" అని అరిచాను. పాప తలెత్తి నా వైపు చూసింది. బంతి ఆమె బూటు కింద నుంచి జారి గీత దాటిపోయింది. ఆమె మాత్రం ఇంకా నా వైపే చూస్తోంది, ఇప్పుడేం చెయ్యమంటారు అన్నట్టు.

ఆ బంతి పోయింది నా వల్ల. నేను నోరు మూసుకుని ఉంటే ఆ పాప బంతిని ఆపేది. ఆపాక ఏం చేసేదో నాకు తెలియదు, కానీ ఏదో ఒకటి తనంతట తాను చేసేది. ఆ రోజు నుంచి, మ్యాచ్ మధ్యలో పిల్లలకి ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నదాన్నే ఎక్కువగా పట్టించుకుంటూ వచ్చాను. అమెరికాలో రెక్ లీగుల్లో (పిల్లలు సరదాగా ఆడుకునే స్థానిక లీగులు) కోచ్‌గా చేరుతున్న తెలుగు అమ్మానాన్నలు చాలామంది ఇప్పుడు, ఆ సీజన్లో నేనున్న పరిస్థితిలోనే ఉన్నారు. "మీ అబ్బాయి టీముకి కోచ్ దొరకలేదు, ఎవరైనా ముందుకు రాకపోతే టీము ఉండదు" అని ఈమెయిల్ వస్తుంది, మనం సరే అంటాం. తర్వాతి శనివారానికి చేతిలో విజిల్, కోన్ల సంచి, ఎదురుగా ఎనిమిది మంది పిల్లలు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

మనకి అంత అరవాలని ఎందుకనిపిస్తుంది

మనలో ఎక్కువమంది క్రికెట్ చూస్తూ, ఆడుతూ పెరిగినవాళ్ళం. క్రికెట్లో బంతికీ బంతికీ మధ్య ఖాళీ ఉంటుంది. బౌలర్ వెనక్కి నడిచి వెళ్ళేలోపు ఫీల్డర్ని జరపొచ్చు, బ్యాట్స్‌మన్‌కి రెండు మాటలు చెప్పొచ్చు. పరుగు తియ్యాలా వద్దా అన్నది కూడా అవతలి ఎండ్ నుంచి వచ్చే కేకతోనే తేలుతుంది. ఆ అలవాటుతో సాకర్ గీత పక్కన నిలబడితే నోరు ఊరుకోదు. కానీ సాకర్లో ఆ ఖాళీ ఉండదు. బంతి తిరుగుతూనే ఉంటుంది, దాంతోపాటు మన మాటలూ ఆగకుండా వస్తూనే ఉంటాయి.

మనకి బాగా తెలిసిన ఇంకో ఆట చూడండి. 2016 రియో ఒలింపిక్స్‌లో సింధు ఆడుతుంటే కోర్టు వెనక కుర్చీలో గోపీచంద్ కూర్చుని ఉండడం మనందరం టీవీలో చూశాం. బ్యాడ్మింటన్లో ర్యాలీ నడుస్తున్నప్పుడు కోచ్ మాట్లాడడానికి నియమాలు ఒప్పుకోవు. పాయింటుకీ పాయింటుకీ మధ్య ఒకటి రెండు మాటలు, 11 పాయింట్ల దగ్గర 60 సెకన్ల విరామం, గేముల మధ్య 120 సెకన్లు. ఆయనకి దొరికే సమయం అంతే. ఒలింపిక్ పతకం కోసం జరిగే ఆటకి ఆ కాస్త సరిపోతున్నప్పుడు మన శనివారం ఆటకి ఎందుకు చాలదు? సాకర్ నియమాలు మాత్రం ఆట నడుస్తుండగా కోచ్ సూచనలు ఇవ్వడానికి ఒప్పుకుంటాయి. కాబట్టి ఇక్కడ హద్దు మనమే పెట్టుకోవాలి.

ఇంకో కారణం టెన్షన్. బయట నిలబడ్డవాడికి చెయ్యడానికి వేరే పనేమీ ఉండదు. అరిస్తే ఏదో చేస్తున్నట్టు ఉంటుంది. చూస్తున్న తల్లిదండ్రులకి కూడా గట్టిగా అరిచే కోచే కష్టపడుతున్నట్టు కనిపిస్తాడు. దీన్ని మనసులోంచి తీసెయ్యడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

మొదటి అడుగు: మీరు ఇప్పుడు ఎంత అరుస్తున్నారో లెక్కపెట్టండి

మార్చుకోవడానికి ముందు కొలవాలి. ఫోన్లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి చొక్కా జేబులో పెట్టుకుని ఒక్క క్వార్టర్ ఆడించండి. ఇంటికెళ్ళాక విని, ప్రతి కేకనీ ఒక కాగితం మీద నాలుగు వరసల్లో గీతలుగా పెట్టుకోండి. బంతి కాలి దగ్గర ఉన్న పిల్లకి చెప్పినవి ఒకటి. బంతి లేని పిల్లలకి చెప్పినవి ఒకటి. "శభాష్, భలే చేశావ్" లాంటివి ఒకటి. ఉట్టి పేర్లు, నిట్టూర్పులు, "అయ్యో", "కమాన్" ఒకటి.

నేను చేసినప్పుడు పది నిమిషాల క్వార్టర్లో 83 కేకలు వచ్చాయి. అందులో 41 బంతి దగ్గరున్న పిల్లలకి. ఇంకో విషయం కూడా బయటపడింది: వాటిలో 19 మా అబ్బాయి పేరుతో మొదలయ్యాయి. సొంత బిడ్డ టీములో ఉన్న కోచ్‌లు ఈ లెక్క విడిగా చూసుకోవాలి. వాడికి అందరికంటే రెట్టింపు మాటలు పడుతున్నాయని నాకు ఆ రికార్డింగ్ వినేదాకా తెలియదు.

రికార్డర్ లేకుండా తెలుసుకునే చిన్న పరీక్ష ఒకటి ఉంది. బంతి బయటికి పోగానే పిల్లలు ఎటు చూస్తున్నారో చూడండి. బంతి వైపు, ఒకరి వైపు ఒకరు చూసుకుంటుంటే ఫర్వాలేదు. అందరి తలలూ మీ వైపు తిరిగితే, వాళ్ళు మీ కోసం ఎదురుచూడడం అలవాటు చేసుకున్నట్టే.

రెండో అడుగు: బంతి ఎవరి కాలి దగ్గర ఉందో వాళ్ళతో మాట్లాడకండి

ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే పాటించగలిగితే ఇది పాటించండి.

కారణం మర్యాద కాదు, సమయం. మీకు ఖాళీ కనిపించాలి, మీరు అరవాలి, పిల్లకి వినపడాలి, అది తనకే అని తెలియాలి, దాని అర్థం తట్టాలి, తల తిప్పి వెతకాలి, అప్పుడు కాలు కదలాలి. ఇంతలో మీరు చూసిన ఖాళీలోకి అవతలి టీము పిల్లాడు వచ్చి నిలబడి ఉంటాడు. పైగా మీరు నిలువెత్తు మనిషి, గీత బయట నుంచి మైదానం అంతా చూస్తున్నారు. నాలుగడుగుల ఎత్తున్న పిల్లకి ఎదురుగా కనిపించేది మూడు జతల కాళ్ళు. మీరు చెప్పిన ఖాళీ ఆమెకి కనిపించనే కనిపించదు.

ఇంకా పెద్ద నష్టం తర్వాత వస్తుంది. "షూట్" అన్నప్పుడల్లా షూట్ చేసి, "పాస్" అన్నప్పుడల్లా పాస్ చేసిన పిల్లలకి ఎప్పుడు ఏది చెయ్యాలో పోల్చుకునే పని పడదు. పదేళ్ళ వయసులో పెద్ద మైదానం మీదికి వెళ్ళాక మీ గొంతు అవతలి మూలకి చేరదు. అక్కడ బంతి పట్టుకుని ఆగిపోతారు.

తప్పు చేస్తారు. చెయ్యనివ్వండి. మూడుసార్లు మధ్యలోకి తోసి బంతి పోగొట్టుకున్న పిల్లాడు నాలుగోసారి పక్కకి తిరగడం నేను చూశాను. ఆ నాలుగోసారి వాడి ముఖంలో కనిపించిన వెలుగు, నేను "పక్కకి!" అని అరిచినప్పుడు ఎప్పుడూ కనపడలేదు.

మూడో అడుగు: వయసుని బట్టి మాటల మోతాదు మార్చుకోండి

యూ8 (అంటే అండర్-8 వయసు జట్లు) దాకా నలుగురికి నలుగురు ఆట. గోల్‌కీపర్ ఉండదు, ఆఫ్‌సైడ్ ఉండదు, 3వ సైజు బంతి. ఈ వయసులో పిల్లలందరూ బంతి చుట్టూ తేనెటీగల్లా మూగుతారు. "స్ప్రెడ్ అవ్వండి" అని ఎంత అరిచినా విడిపోరు, ఎందుకంటే బంతి ఆడడానికే వాళ్ళు వచ్చారు. అది వయసు స్వభావం, దాంతో పోట్లాడకండి. ఇక్కడ మ్యాచ్ మధ్యలో చెప్పాల్సినవి నిర్వహణ మాటలే: మన గోల్ ఇటు, ఇది మన బంతి, నీ బూటు తాడు ఊడింది, ఇప్పుడు నువ్వు రా, నువ్వు వెళ్ళు. ఇంతకు మించి చెప్పేది ఏదీ ఈ వయసులో చెవికెక్కదు.

యూ9, యూ10లో ఏడుగురికి ఏడుగురు, 25 నిమిషాల చొప్పున రెండు భాగాలు. ఇక్కడ మైదానం ప్రతి సగంలో అడ్డంగా బిల్డ్-అవుట్ లైన్ అనే గీత ఉంటుంది. మన గోల్‌కిక్ అప్పుడు అవతలి టీము ఆ గీత వెనక్కి వెళ్ళాలి. కీపర్ బంతిని గాల్లోకి ఎత్తి దూరంగా తన్నకూడదు. పిల్లలు వెనక నుంచి నెమ్మదిగా పాసులతో ఆడడం నేర్చుకోవాలని పెట్టిన ఏర్పాటు అది. అలాంటప్పుడు గీత బయట నుంచి "దూరంగా కొట్టెయ్! క్లియర్!" అని అరిస్తే ఆ ఏర్పాటు దండగ. ఈ వయసుకి మ్యాచ్‌కి ఒక్క అంశం పెట్టుకోండి. ఈ శనివారం అంతా "బంతి వచ్చేముందు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూడు" అన్నదే. ఇక మిగతావి ఎంత కనిపించినా నోట్‌బుక్‌లోకే.

ఇక్కడే ఒక మాట. అమెరికాలో పదేళ్ళు, అంతకంటే చిన్న పిల్లలు తలతో బంతి కొట్టకూడదన్న నియమం ఉంది. కావాలని కొడితే అవతలి టీముకి ఇండైరెక్ట్ ఫ్రీకిక్ ఇస్తారు. మన ఊళ్ళ నుంచి చూడ్డానికి వచ్చిన పెద్దవాళ్ళు ఉత్సాహంగా "తలతో కొట్టరా!" అంటుంటారు. వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.

యూ11, యూ12లో తొమ్మిది మందికి తొమ్మిది మంది. ఇప్పుడు స్థానాలు, వరసల మధ్య దూరం లాంటివి అర్థమవుతాయి. బంతికి దూరంగా ఉన్నవాళ్ళకి సమాచారం ఇవ్వొచ్చు, కానీ సమాచారమే: "నీ వెనక ఒకడున్నాడు" అన్నది సమాచారం, "కుడికి తిప్పి కొట్టు" అన్నది ఆజ్ఞ. మొదటిది విన్నాక ఏం చెయ్యాలో పిల్లే తేల్చుకుంటుంది. 13 దాటి పదకొండు మంది ఆటకి వెళ్ళాక కూడా ఇదే పద్ధతి, మాటలు కాస్త పెద్దవి అవుతాయంతే.

నాలుగో అడుగు: బంతి ఆగిన క్షణాలు మీవి

ఆటలో మనం అనుకున్నదానికంటే ఎక్కువ ఆగుళ్ళు ఉంటాయి. గోల్‌కిక్, త్రో-ఇన్, కార్నర్, గోల్ పడ్డాక మధ్యకి నడిచి వచ్చే సమయం, ఎవరో పడిపోయి లేచే సమయం. అవతలి టీము బిల్డ్-అవుట్ లైన్ వెనక్కి వెళ్ళే కాసేపు అన్నిటికంటే మంచిది. అప్పుడు పిల్లలకి చెవులు ఉంటాయి.

చెప్పే పద్ధతి: ముందు పేరు, ఒక లిప్త ఆగడం, తలెత్తి చూశాక ఒకటి రెండు మాటలు. పేరు లేకుండా "వెనక్కి రండి!" అంటే ఎవరూ రారు, లేదా అందరూ వస్తారు. ప్రాక్టీసులో ముందే అర్థం చెప్పి ఒప్పుకున్న మాటలే వాడండి. మా టీములో నాలుగే ఉన్నాయి: "హోమ్" అంటే మన గోల్ వైపు, "వైడ్" అంటే బూటు మీద గీత సున్నం అంటేంత పక్కకి, "ఛేంజ్" అంటే అవతలి వైపు చూడు, "రెస్ట్" అంటే ఇప్పుడు ఊపిరి పీల్చుకో. మంగళవారం నేర్పని మాట శనివారం కొత్తగా అనొద్దు.

భాష సంగతి కూడా చెప్పాలి. మన పిల్లలు నలుగురున్న టీములో తెలుగులో ఒకరికి, ఇంగ్లీషులో మిగతావాళ్ళకి చెప్పడం సులువుగా జరిగిపోతుంది. మిగతా పిల్లలకి తమని వదిలేసినట్టు ఉంటుంది, మన పిల్లలకి సిగ్గుగా ఉంటుంది. అందుకే టీము మాటలు అందరికీ ఒకే భాషలో ఉంచాను. ఏడుస్తున్న మన పిల్లాడిని దగ్గర కూచోబెట్టుకున్నప్పుడు మాత్రం తెలుగే.

ఐదో అడుగు: అసలు కోచింగ్ బెంచీ మీద జరుగుతుంది

కొత్త కోచ్‌లు బెంచీకి వీపు పెట్టి మైదానం వైపే అరుస్తుంటారు. వినడానికి సిద్ధంగా ఉన్న పిల్లలు మాత్రం వాళ్ళ వెనక కూర్చుని ఉంటారు! ఆడే పిల్ల ఒక మాట కూడా పట్టుకోలేదు. బెంచీ మీద పిల్ల అర నిమిషం సంభాషణ మొత్తం పట్టుకుంటుంది.

బయటికి వచ్చిన వెంటనే ఏమీ అనకండి. ముందు నీళ్ళు. గుండె దడ తగ్గనివ్వండి. రెండు నిమిషాలయ్యాక పక్కన కూర్చుని, మైదానం వైపు చూపిస్తూ ఒక ప్రశ్న అడగండి. ఒకసారి ఇలా జరిగింది. బంతి రాగానే తన్నేసే తొమ్మిదేళ్ళ పిల్లాడు పక్కన కూర్చున్నాడు.

"అదిగో, ఆ పసుపు జెర్సీ నాలుగో నంబర్ని చూడు. బంతి వచ్చేముందు ఏం చేస్తోంది?"

కాసేపు చూశాడు. "వెనక్కి చూస్తోంది."

"ఎందుకు?"

"ఎవరైనా వస్తున్నారేమో అని."

"రాకపోతే?"

"అప్పుడు... తిరగొచ్చు."

అంతే. నేను ఇంకేమీ అనలేదు. తిరిగి పంపేటప్పుడు "నువ్వూ ఒకసారి అలా చూసి రా" అన్నాను. లోపలికి వెళ్ళాక మొదటి బంతి మామూలుగానే తన్నేశాడు. రెండోదానికి ముందు చటుక్కున తల వెనక్కి తిప్పాడు. తిప్పి, నేను చూశానా లేదా అని నా వైపు చూశాడు. నేను బొటనవేలు పైకెత్తాను.

లోపలికి పంపే ప్రతి పిల్లకీ ఒక్క పని ఇచ్చి పంపండి, అదీ "చెయ్యి" అన్న రూపంలో. "పోగొట్టకు", "తప్పు చెయ్యకు" అని పంపితే పిల్ల మనసులో ఆ తప్పే తిరుగుతుంది.

ఆరో అడుగు: హాఫ్‌టైమ్

ముందు రెండు నిమిషాలు నీళ్ళు, కమలా తొనలు, వాళ్ళ కబుర్లు. దగ్గరే ఉండి వినండి, వాళ్ళ మాటల్లోనే మీకు కావలసింది దొరుకుతుంది. తర్వాత ఒక ప్రశ్న: "ఎక్కడ ఖాళీ దొరుకుతోంది?" ఒకరిద్దరు చెప్పాక ఒక విషయం మీరు చెప్పండి. వైట్‌బోర్డు అయస్కాంతాలు ఈ వయసుకి వద్దు, మీరు మాట్లాడుతుంటే వాళ్ళు వాటిని పీకుతుంటారు.

ఏడో అడుగు: అరవాలనిపించినవన్నీ ప్రాక్టీసుకి మోసుకెళ్ళండి

చేతిలో చిన్న నోట్‌బుక్, పెన్ను పెట్టుకోండి. అరవాలనిపించిన ప్రతిసారీ ఒక మాట రాయండి. చేతికి పని ఉంటే నోటికి తగ్గుతుంది. ఆదివారం సాయంత్రం తీసి చూస్తే, ఇరవై మాటల్లో పన్నెండు ఒకే విషయం గురించి ఉంటాయి. అదే మంగళవారం ప్రాక్టీసు.

అక్కడ కూడా అరుపుని ఆటగా మార్చడమే ఉపాయం. ఈ విషయంలో మన హైదరాబాదులోనే గొప్ప ఉదాహరణ ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం, అందరూ రహీం సాబ్ అనే ఆయన, వృత్తికి స్కూలు మాస్టారు. 1951లోనూ 1962లోనూ భారత్‌కి ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే వచ్చాయి. కుర్రాళ్ళకి ఆయన డ్రిబ్లింగ్ లేకుండా ఆడే టోర్నమెంట్లు, అలవాటు లేని కాలితోనే ఆడే టోర్నమెంట్లు పెట్టించాడు. బంతిని అట్టిపెట్టుకోవద్దని, రెండో కాలు కూడా వాడమని నోటితో వందసార్లు చెప్పే బదులు, ఆ పని చెయ్యక తప్పని ఆట తయారుచేశాడు.

మనమూ అదే చెయ్యొచ్చు. పిల్లలు మూగుతున్నారా? మైదానానికి నాలుగు మూలలా నాలుగు చిన్న గోల్స్ కోన్లతో పెట్టి, ఒక్కో టీముకి రెండేసి ఇవ్వండి. ఒక గోల్ దగ్గర గుంపు చేరితే రెండోది ఖాళీగా కనిపిస్తుంది. రెండు వారాల్లో ఎవరో ఒకరు గుంపులోంచి బయటికొచ్చి నిలబడతారు. బంతిని గాల్లోకి తన్నేస్తున్నారా? మోకాలి ఎత్తు దాటితే బంతి అవతలివాళ్ళదే అనండి. ప్రాక్టీసులో ఆట ఆపి మాట్లాడడం తప్పు కాదు, కానీ ఇరవై సెకన్లు మించకుండా, ఒక్క విషయం మీదే. అంతకు మించితే పిల్లలు గడ్డి పీకడం మొదలుపెడతారు.

ఎనిమిదో అడుగు: ఒక్కరోజులో మానకండి, వారం వారం తగ్గించండి

ఒక శనివారం అరిచి, మరుసటి శనివారం హఠాత్తుగా మౌనంగా ఉంటే పిల్లలు మీకు కోపం వచ్చిందనుకుంటారు. ఆ తప్పు నేను చేశాను. ఒక పాప హాఫ్‌టైమ్‌లో "కోచ్, మేం బాగా ఆడట్లేదా?" అని అడిగింది. కాబట్టి ముందే చెప్పండి: "ఈ రోజు నుంచి నేను తక్కువ మాట్లాడతాను. మీరు ఎక్కువ మాట్లాడుకోవాలి."

మొదటి వారం లెక్క మాత్రమే. రెండో వారం బంతి దగ్గరున్నవాళ్ళతో మాటలు ఆపండి, మిగతావి ఉండనివ్వండి. మూడో వారం ఒక క్వార్టర్ పూర్తిగా కుర్చీలో కూర్చోండి. నిలబడితే మాట్లాడాలనిపిస్తుంది, కూర్చుంటే సగం తగ్గుతుంది. నాలుగో వారం నుంచి బంతి ఆగినప్పుడే, ఒక్కో ఆగుడులో ఒక్కరికే.

మౌనంగా ఉన్నా శరీరం మాట్లాడుతుందని మర్చిపోకండి. తల పట్టుకోవడం, చేతులు చాచి ఆకాశం వైపు చూడడం, వెనక్కి తిరిగి నడవడం, ఇవన్నీ పిల్లలకి కేక కంటే గట్టిగా వినిపిస్తాయి. బంతి పోగొట్టిన పిల్ల మీ వైపు చూసినప్పుడు మీ ముఖం ఎలా ఉందన్నదే ఆమెకి గుర్తుంటుంది. అలాగే అందరికీ ఒకే మోతాదు కాదు. బెరుకుగా ఉండే పిల్లలకి అప్పుడప్పుడు పేరు పిలిచి చిన్న నవ్వు చూపిస్తే కాళ్ళకి బలం వస్తుంది. మెచ్చుకోలు కూడా ఫలితానికి కాకుండా ప్రయత్నానికి దక్కాలి. గోల్ కొట్టినవాడికి అందరూ చప్పట్లు కొడతారు. వెనక్కి చూసి, సరిగ్గా ఆలోచించి, కాలు జారి పాస్ తప్పిన పిల్లకి "మంచి ఆలోచన" అనేది మీరొక్కరే.

అరవాల్సిన సందర్భాలు

కొన్ని చోట్ల ఆలస్యం చెయ్యకూడదు. ఎవరైనా గోల్‌పోస్ట్ ఎక్కుతుంటే, వేలాడుతుంటే అరవండి. తలకి దెబ్బ తగిలితే రిఫరీ దృష్టికి వెంటనే తీసుకెళ్ళండి, ఆ పిల్లని ఆ రోజుకి ఆడించకండి. ఉరుము వినిపిస్తే అందరినీ కార్లలోకి పంపండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా తిరిగి రావద్దు. సెప్టెంబర్ ఎండలో టెక్సాస్ లాంటి చోట నీళ్ళ విరామం అడగడానికి మొహమాటపడొద్దు. పిల్లలు ఒకరినొకరు తిట్టుకుంటే, తోసుకుంటే అక్కడికక్కడే పిలవండి. ఏడేళ్ళ పిల్లాడు బంతితో సొంత గోల్ వైపు పరుగెడుతుంటే, అప్పుడు కూడా "ఇటు నాన్నా!" అనొచ్చు.

రిఫరీ మీద మాత్రం ఏ సందర్భంలోనూ వద్దు. రెక్ లీగుల్లో విజిల్ పట్టుకునేది చాలాసార్లు 13, 14 ఏళ్ళ పిల్లలే. వాళ్ళూ నేర్చుకుంటున్నారు.

గీత అవతలి గొంతులు

మీరు ఎంత తగ్గించుకున్నా, ఎదురు గీత మీద మడతకుర్చీల్లో కూర్చున్న పన్నెండు మంది తగ్గించకపోతే పిల్లలకి తేడా తెలియదు. కోచ్ "వైడ్" అంటే నాన్న "షూట్" అంటాడు. ఏ మాట వినాలో తెలియక పిల్ల రెండూ వదిలేసి నిలబడిపోతుంది.

సీజన్ మొదలవ్వకముందే పదిహేను నిమిషాల మీటింగ్ పెట్టండి. స్నాక్స్ వంతుల లిస్టుతోపాటు ఇదీ చెప్పండి: పేరు పెట్టి ఆజ్ఞలు వద్దు, రెండు టీముల మంచి ఆటకీ చప్పట్లు కొట్టండి, ఇంటికెళ్ళే దారిలో కారులో విశ్లేషణ వద్దు. "నువ్వు ఆడుతుంటే చూడ్డం నాకు బాగుంది" అంటే చాలు. కొన్ని లీగుల్లో సైలెంట్ శాటర్డే అని సీజన్‌కి ఒక రోజు తల్లిదండ్రులూ కోచ్‌లూ ఎవరూ మాట్లాడకుండా చూస్తారు. మీ లీగులో లేకపోతే అవతలి కోచ్‌ని అడిగి ఒక క్వార్టర్ అలా ఆడించండి. ఆ పది నిమిషాల్లో పిల్లల గొంతులు వినిపిస్తాయి.

అయినా ఎవరో ఒకరు ఆగలేరు. మ్యాచ్ మధ్యలో అందరి ముందూ అనకండి, పిల్లల ముందు అసలే అనకండి. నేను మర్నాడు ఫోన్ చేసి, "అండీ, నిన్న మీవాడు బంతి వచ్చిన ప్రతిసారీ మీ వైపే చూశాడు, గమనించారా? వచ్చే వారం ఆ మూల కాకుండా ఈ మూల కూర్చుని చూస్తారా?" అన్నాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు తెలియలేదండీ" అన్నారు. మరుసటి వారం చూయింగ్ గమ్ తెచ్చుకుని నములుతూ కూర్చున్నారు.

అందరికంటే కష్టం మా ఇంట్లోనే ఎదురైంది. మా మామగారు ఆరు నెలలు ఉందామని వచ్చారు. వాళ్ళ ఊళ్ళో వాలీబాల్ ఆడినవారు, కోర్టు పక్కన నిలబడి ఊరంతా వినపడేలా సలహాలిచ్చే అలవాటు. మొదటి శనివారం మనవడికి ఆయన గొంతు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆయనని ఊరుకోమనడానికి నాకు నోరు రాలేదు. ఆలోచించి, చేతిలో నోట్‌బుక్ పెట్టి, "మామయ్యగారూ, నాకు ఒక సాయం కావాలి. మన పిల్లలు వరసగా ఎన్ని పాసులు ఇచ్చుకుంటున్నారో లెక్క రాసిపెడతారా? నాకు చూసుకోవడం కుదరట్లేదు" అన్నాను. కళ్ళజోడు సవరించుకుని రాయడం మొదలుపెట్టారు. లెక్క తప్పిపోతుందని నోరు మెదపలేదు. మొదటి మ్యాచ్‌లో ఎక్కువలో ఎక్కువ రెండు పాసులు.

సీజన్ చివరి మ్యాచ్ 3-1తో ఓడిపోయాం. పిల్లలు స్నాక్స్ సంచి చుట్టూ చేరి ఉండగా మామగారు మడతకుర్చీ మీంచి లేచి గబగబా నా దగ్గరికి వచ్చారు. నోట్‌బుక్ తెరిచి పేజీ చూపిస్తూ, "అయిదు! వరసగా అయిదు పాసులు, రెండో భాగంలో. ఒకసారి కాదు, రెండుసార్లు. నువ్వు చూశావా?" అన్నారు.